చీపురు పుల్లల నక్షత్రం



డిసెంబరు వచ్చేసరికి బడిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక అట్టపెట్టె నిండి ఉంటుంది. ఎప్పుడో ప్రాజెక్టు కోసం కొన్న చార్టు ముక్కలు, సగం వాడిన జిగురు సీసా, ఊలు ఉండ, దసరా బొమ్మల కొలువులో మిగిలిన పూసలు, జరీ తునకలు. నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవానికి తెచ్చిన పసుపు, ఎరుపు కాగితాలు మా బెంగళూరు ఇళ్లలో అదనం. ఆ పెట్టెతోనే క్రిస్మస్ అలంకరణలు ఎలా చేసుకోవచ్చో ఇవాళ చెప్పుకుందాం.

నేనుండేది బ్రూక్‌ఫీల్డ్‌లో. మా పక్కనున్న వైట్‌ఫీల్డ్, 1882లో మైసూరు మహారాజా వారిచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్ల కోసం వెలసిన ఊరు. కాబట్టి క్రిస్మస్ మా వైపు కొత్త పండుగేమీ కాదు. ఇప్పుడు మాత్రం గంటలు, గోళాలు అన్నీ అంగట్లో డబ్బాల్లో దొరుకుతాయి. అవి కొని తెమ్మని ఒక ఏడాది నేనే పిల్లల డైరీల్లో రాయించాను.

మర్నాడు నాలుగో తరగతి పిల్లవాడొకడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాళ్లది కదిరి వైపు. నాన్న తాపీ పని, అమ్మ అపార్ట్‌మెంట్లలో ఇంటిపని. మూడోనాడు వస్తే అడిగాను. "నూటయాభై రూపాయలంట మిస్. శనివారం కూలి వచ్చినాక తెస్తానన్నాడు మా నాయన" అన్నాడు. చెట్టుకు కట్టే గోళం లేదని రెండు రోజుల పాఠం పోగొట్టుకున్నాడన్నమాట. ఆ సాయంత్రమే డైరీల్లో మళ్లీ రాయించాను: ఏదీ కొనరాదు, ఇంట్లో మిగిలినదే తేవాలి.

వాడు తెచ్చింది గుప్పెడు కొబ్బరి చీపురు పుల్లలు, వాళ్ల మేనమామ పెళ్లి పత్రిక.

దాంతో ఏం చేశామో చెబుతాను, మీరూ చేయండి. పద్దెనిమిది సెంటీమీటర్ల పుల్లలు ఆరు కోసుకోండి. ప్రతి పుల్లమీదా ఆరు దగ్గర, పన్నెండు దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టండి. మూడేసి పుల్లల కొనలు దారంతో కట్టితే రెండు త్రిభుజాలు వస్తాయి. ఒకదానిమీద మరొకటి తలకిందులుగా పెట్టి, గుర్తులు కలిసిన ఆరు చోట్లా ముడి వేయండి. ఆరు కోణాల నక్షత్రం సిద్ధం. మధ్యలో ఏర్పడేది షడ్భుజి, దాని ఒక్కో భుజం ఆరు సెంటీమీటర్లు. లెక్కల టీచరు కూడా సంతోషిస్తారు! జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో సుమారు రెండు వందల ఏళ్ల క్రితం కాగితపు క్రిస్మస్ నక్షత్రం పుట్టింది కూడా బడిలో, లెక్కల పాఠంలోనే. ఇక పుల్లలకు ఊలు చుట్టండి, మధ్యలో పెళ్లి పత్రిక ముక్క అంటించండి. మైదా ఉడికించిన జిగురు చాలు.

పాత గాజులకు ఊలు చుట్టి, లోపల ఒక మువ్వ వేలాడదీసినా ముచ్చటగా ఉంటుంది. పగిలిన గాజులు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. మంచులా కనబడాలని మేము ఒకసారి బొంబాయి రవ్వ అంటించాం. తెల్లారేసరికి చీమలు చెట్టెక్కాయి. థర్మాకోల్ జోలికి పోవద్దు. అలంకరణకు దాన్ని వాడడం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. తళుకు పొడి కూడా చాలావరకు ప్లాస్టిక్కే. ఒకసారి గదిలో చల్లితే ఉగాది దాకా ఊడుస్తూనే ఉండాలి.

చెట్టుకు ఏం చేశామంటారా? ఒక సరుగుడు కొమ్మను ఇసుక నింపిన బకెట్లో నిలబెట్టాం. వాడి నక్షత్రాన్ని పిల్లలే కొమ్మ చివరన కట్టారు. దాని మధ్యలో పెళ్లి పత్రికమీది పూర్ణకలశం, మామిడాకులు అలాగే ఉన్నాయి. తీసెయ్యమని ఎవరూ అనలేదు. శనివారం మధ్యాహ్నం కొడుకును తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడి, "అది మా తమ్ముని పెండ్లి కార్డు కదా!" అంది.