పదాల జతలు – మన పిల్లల చిక్కు

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే జాతీయ ఉపకార వేతన పరీక్షలో మానసిక సామర్థ్యం పేపరు ఒకటుంది. 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో పదాల పోలికలు కనబడగానే, తెలిసిన మాటలే కదా అని మీ పిల్లలు గబగబా గుర్తు పెట్టేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

కుమ్మరికి కుండ ఎలాగో నేతగాడికి ఏది అలాగ? మగ్గమా, నూలా, బట్టా? 'కుమ్మరికి కుండతో పని' అనుకుంటే మూడూ సరిపోతాయి. వాక్యం బిగించాలి. కుమ్మరి మట్టితో కుండ చేస్తాడు. మరి నేతగాడు నూలుతో చేసేది? బట్ట. ఈ వాక్యం మనసులో అనుకున్నాకే జవాబుల వైపు చూడమనండి.

బళ్ళారి, కోలారు వైపు ఇంకో చిక్కుంది. అవసరానికి అక్కర ఎలాగో తొందరకు ఏది అలాగ? కష్టం, త్వర, ఆలస్యం అని ఇచ్చారనుకోండి. జవాబు త్వర. మన పిల్లవాడు కష్టం అంటాడు! కన్నడంలో 'అవసర' అంటే తొందర, 'తొందరె' అంటే ఇబ్బంది. హోసూరు వైపు తమిళంలోనూ ఇంచుమించు అంతే. వాడికి రెండు భాషలూ వచ్చు, పేపరు మాత్రం తెలుగుది.

ఇలాంటి మాటలకు నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించండి. ఊట మనకు నేలలో ఊరే నీరు, కన్నడంలో భోజనం. మర మనకు యంత్రం, అక్కడ చెట్టు. మిగతావి మీ అవ్వనో తాతనో అడగమనండి, వారంలో పేజీ నిండుతుంది.