మా సంఘం స్కోన్‌లు, వాటి కూలి లెక్క

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



మేము స్కోన్‌లు చేస్తున్న సంగతి చాలామందికి తెలుసు. అయినా అదేందమ్మా అని అడిగేవాళ్లు ఉన్నారు. బన్నుకూ బిస్కెట్టుకూ మధ్యలో ఉండే చిన్న రొట్టె అది. స్కాట్లాండ్‌లో పుట్టింది. ఇంగ్లాండులో సాయంత్రం టీతో వెన్న, జామ్ పూసుకొని తింటారు. బన్ను మాదిరి ఈస్టు వేసి పిండి పొంగేదాకా కాచుకోవాల్సిన పని లేదు, బేకింగ్ పౌడర్ చాలు. గుడ్డు లేకుండా చేసుకోవచ్చు. తిరుపతికీ కాళహస్తికీ మధ్యలో ఉన్నాము కదా, కొనేవాళ్లు మొదట అడిగేదే గుడ్డు వేసినారా అని.

మా కొలత చెప్తాము, దాపరికం ఏమీ లేదు. పావు కిలో పిండిలో మూడు వంతులు మైదా, ఒక వంతు రాగిపిండి. సంగటి తిని పెరిగినవాళ్లం, రాగి ఇంకా వేయాలని మాకూ ఆశే. కానీ రాగికి సాగే గుణం లేదు, ఎక్కువైతే చేతిలోనే రాలిపోతుంది. రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, 60 గ్రాముల వెన్న, రెండు పెద్ద చెంచాల బెల్లం పొడి, 150 మిల్లీలీటర్ల పాలు. ఎనిమిది వస్తాయి.

కష్టమంతా వెన్నతోనే. చల్లగా, గట్టిగా ఉన్న వెన్నను వేళ్ల కొసలతో పిండిలో రవ్వ మాదిరి నలపాలి. ఆ పలుకులు ఓవెన్‌లో కరిగితేనే లోపల గుల్లగా వస్తుంది. మన ఎండాకాలంలో తొమ్మిది గంటలకే వెన్న నూనె అయిపోతుంది. అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకు కలుపుతాము, పిండి గిన్నెను రాత్రే ఫ్రిజ్‌లో పెడతాము. పాలు పోసినాక చపాతీ పిండి మాదిరి పిసకకూడదు. దగ్గరకు చేర్చి, ముప్పావు అంగుళం మందాన తట్టి, స్టీలు గ్లాసును నేరుగా నొక్కి కోయాలి. గ్లాసు తిప్పితే అంచు మూసుకొని పక్కకు ఒరుగుతుంది. ముందే 220 డిగ్రీలు కాగిన ఓవెన్‌లో 15 నిమిషాలు.

ఇది చేసిన రోజే తినాలి, మర్నాటికి గట్టిపడుతుంది. ఐఐటీ, ఐసర్ మన ఏర్పేడుకు వచ్చినాక బయటి ఊళ్లవాళ్లు ఇక్కడ చేరినారు, ఆర్డర్లు ఎక్కువగా వాళ్లవే. ఆర్డరు ఉంటేనే కలుపుతాము.

పోయిన ఏడాది ఒక దుకాణం వాళ్లు రోజూ వంద తీసుకుంటాము, ఒక్కటి 12 రూపాయలకు ఇవ్వండి అన్నారు. మిగిలినవి వాపసు అంట. దీని మీద రెండు మీటింగులు గట్టిగానే జరిగినాయి. "సరుకుకు పది పోతే రెండు మిగులుతుంది కదా, ఇంట్లో ఉండి చేసే పనికి కూలి ఏంది?" అని కొందరు. మా పుస్తకాలు రాసే అమ్మాయి ఒకటే మాట అడిగింది: "నాలుగున్నరకు లేచింది పని కాదా వదినా?"

అప్పుడు కూర్చొని లెక్క వేసినాము. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38. ఇద్దరం మూడు గంటలు చేస్తే 32 స్కోన్‌లు, కూలి 228. అంటే ఒక్కోదానికి ఏడు. సరుకు, కరెంటు, కవరు కలిపి పది. పదిహేడు పడేదాన్ని పన్నెండుకు ఇస్తే, ఐదు రూపాయలు మనమే ఎదురు ఇచ్చినట్టు. వద్దని చెప్పేసినాము.

ఇప్పుడు మేమే 20కి అమ్ముతున్నాము. వంద లేవు, 32 పోతే మంచి రోజు. ఇద్దరు సభ్యులకు ఈ తీర్మానం ఇంకా మింగుడు పడలేదు. రోజూ చేతికొచ్చే డబ్బు పోయిందని వాళ్ల బాధ, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లు, తప్పు పట్టలేము.

సమాఖ్యను అడిగేది ఒకటుంది. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో, ఆహారం తయారుచేసే సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల దాకా ప్రారంభ పెట్టుబడి సమాఖ్య ద్వారా అప్పుగా ఇస్తారు. దానికి దరఖాస్తు పెడుతున్నాము. పది రోజులు నిలవ ఉండే రాగి బిస్కెట్టు కూడా మొదలుపెడితే, ఆ ఇద్దరికీ రోజూ పని ఉంటుంది. ఖర్చుల పట్టీలో కూలి అని ఒక వరుస రాసినాము. పరిశీలించే అక్కలు దయచేసి దాన్ని కొట్టేయవద్దు.

బయట బల్ల మీద ఈ పొద్దున చేసిన స్కోన్‌లు ఉన్నాయి. భోజనాలకు ముందే తీసుకోండి. ఊరికే కాదు, 20 రూపాయలే.