పతకం కన్నా పొరపాటే పనికొచ్చింది



లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తు. కొత్తగా దిగిన జవాన్లకు ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడేదాకా జాగ్రత్తలు చెప్పడం నా డ్యూటీ. అంకెలు చదువుతుంటే కునికేవారు. ఒకరోజు కాగితం పక్కన పెట్టి నా సంగతే చెప్పాను.

"రెండో రోజే తలనొప్పి, ఆయాసం. పిరికివాడంటారని దాచాను. రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పక్క మంచం వాడు గమనించి ఆసుపత్రికి మోయించబట్టి, ఆక్సిజన్‌తో బతికాను."

ఎవరూ కునకలేదు. బయటికొచ్చాక ఒక కుర్రాడు మెల్లగా, "సాబ్, నాకూ రాత్రి నుంచి తలనొప్పి" అన్నాడు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

మిత్రులారా, రిక్రూట్లతో మాట్లాడేటప్పుడు పతకాలే కాదు, మన పొరపాటు ఒక్కటైనా ఉన్నదున్నట్టు చెబుదాం. అది విన్నవాడే తనది దాచడు. జైహింద్!