రిపోర్టు వచ్చే లోపు షెడ్డులోకి పోయేదెవరు?

ఈ ఎపిసోడ్ కోళ్ల ఫారం ఓనర్ల కంటే ఎక్కువగా అక్కడ పనిచేసే అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ల కోసం. ఓనర్లు కూడా చివరిదాకా వినండి, మీతో ఒక మాట ఉంది.

2025 మార్చిలో మన నల్గొండ జిల్లా చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో బర్డ్ ఫ్లూ బయటపడ్డది గుర్తుంది కదా? సుమారు 2 లక్షల కోళ్లు. అంతకు ముందు నెల పాత నల్గొండ జిల్లాలోదే, చౌటుప్పల్ మండలం నేలపట్లలో వచ్చింది. టీవీలో మనం ఏం చూసినం? తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు, జేసీబీ తీసిన గుంత, అందులో సున్నం. అది చూసి, అంతా పద్ధతిగానే జరుగుతుంది అనుకుంటాం.

కానీ ఆ సూట్లు రిపోర్టు వచ్చినంక వచ్చినయి. కోళ్లు చనిపోతుంటే శాంపిల్ తీసి భోపాల్‌లో ఉన్న జాతీయ ల్యాబుకు పంపుతారు. ఫలితం వచ్చే దాకా ఫారం గేటు మూస్తారు. కోళ్లు, గుడ్లు, దాణా బయటికి పోవద్దంటారు. మంచిదే. మరి ఆ రోజుల్లో మిగతా కోళ్లకు నీళ్లు పెట్టేదెవరు? చచ్చినవి ఏరేదెవరు? రోజూ చేసే పనోళ్లే. లుంగీ మీద, చెప్పులతో, మహా అయితే మూతికి తువ్వాల కట్టుకొని. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదం ఈ రోజులే. రోగం అప్పటికే షెడ్డులో ఉంటుంది, జాగ్రత్త మాత్రం ఇంకా రాలేదు.

"ఇన్నేండ్ల నుంచి కోళ్లల్లనే ఉన్నం సారూ, మాకేమైతది" అంటారు. నిజమే, ఈ వైరస్ మనిషికి అంత తేలికగా అంటదు. కానీ అంటితే? 2003 నుంచి ప్రపంచంలో లెక్కకొచ్చిన హెచ్5ఎన్1 కేసులు 900 పైచిలుకు, అందులో దాదాపు సగం మంది చనిపోయారు. తేలికపాటి కేసులు చాలా వరకు లెక్కకే రావు కాబట్టి అసలు శాతం తక్కువే ఉండొచ్చు. అమెరికాలో 2024లో డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లకు వచ్చినప్పుడు చాలామందికి కండ్లు ఎర్రబడటంతోనే పోయింది. కానీ మన పక్కనే, నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప 2025 మార్చిలో ఈ జబ్బుతోనే మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. కాబట్టి భయపడి పారిపోవద్దు, తేలికగా కూడా తీసుకోవద్దు.

మరి ఏం చేయాలి? మొదటిది, కోళ్లు ఎప్పటికంటే ఎక్కువ చనిపోతున్నయి అనిపించిన రోజే జాగ్రత్త మొదలుకావాలి, రిపోర్టు కోసం ఆగొద్దు. ఎన్95 మాస్కు, కండ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు, ఒంటినిండా కప్పే బట్టలు. ఇవన్నీ మెడికల్ షాపులో, హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. చచ్చిన కోడిని ఉత్త చేత్తో పట్టొద్దు, కోసి చూడొద్దు. ఎండిన రెట్టను పొడిగా ఊడవొద్దు. దుమ్ము లేస్తే ముక్కులోకి పోతుంది. ముందు నీళ్లు చిలకరించాలి.

రెండోది, వేసుకునేటప్పుడు కంటే విప్పేటప్పుడే మనిషి మోసపోతడు. చెమట, ఉక్కపోత, ఎప్పుడు పీకేద్దామా అని ఉంటది. వరుస గుర్తుపెట్టుకోండి. ముందు బూట్లకు అంటిన రెట్టను బ్రష్‌తో రుద్ది, తర్వాత బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి. రెట్ట అట్లనే ఉంటే బ్లీచింగ్ పనిచేయదు. తర్వాత గ్లౌజులు, తర్వాత పై బట్టలు లోపలి వైపు బయటికి వచ్చేలా మడుస్తూ తీయాలి. సబ్బుతో చేతులు కడుక్కొని అప్పుడు కండ్లద్దాలు. అన్నిటికంటే చివర మాస్కు, అది కూడా వెనక తాళ్లు పట్టుకొని. మళ్లీ చేతులు కడిగి, స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకొనే ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర నాలుగు నాటుకోళ్లు ఉంటాయి, పిల్లలుంటారు. షెడ్డు చెప్పులు గేటు దాటొద్దు.

మూడోది ఎండ. మార్చి దాటితే మన దిక్కు ఎట్లుంటదో చెప్పనవసరం లేదు. ఆ బట్టల్లో గంటలకొద్దీ పనిచేస్తే బర్డ్ ఫ్లూ కంటే ముందు వడదెబ్బ కొడుతుంది. పొద్దున్నే, సాయంత్రమే పని పెట్టుకోండి. అరగంట చేసి, పద్ధతిగా విప్పి, నీడలో నీళ్లు తాగండి. ఒక్కరే లోపలికి పోవద్దు. ఇద్దరుంటే ఒకరు తూలినా రెండోవాళ్లు చూస్తారు.

నాలుగోది, జ్వరం దాచొద్దు. పని ఆపిన తర్వాత కూడా పది రోజులు ఒంటిని కనిపెట్టుకొని ఉండాలి. జ్వరం, దగ్గు, గొంతు నొప్పి, కండ్లు ఎర్రబడటం, ఆయాసం, ఏది వచ్చినా పీహెచ్‌సీకి పోయి మొట్టమొదట "నేను కోళ్ల ఫారంలో పనిచేస్తా, మా దగ్గర కోళ్లు చనిపోయినయి" అని చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు మామూలు జ్వరం గోళీలిచ్చి పంపిస్తాడు. ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

పాలమూరు గొర్ల కాపరులకూ ఇదే సూత్రం. మంద నుంచి వేరుచేసిన గొర్రె ఈసుకుపోతే ఆ పిండాన్ని, మాయను ఉత్త చేత్తో ఎత్తొద్దు, బ్రూసెల్లా అంటుకుంటుంది. ఉన్నట్టుండి చనిపోయి, ముక్కులోంచి రక్తం కారితే అసలు కోయనే కోయొద్దు. అది ఆంత్రాక్స్ కావొచ్చు. పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇప్పుడు ఓనర్లతో ఆ ఒక్క మాట. ప్రభుత్వం ఇచ్చే పరిహారంలో చంపిన కోళ్లకు, పారేసిన గుడ్లకు, దాణాకు లెక్క ఉంటుంది. పనోని కూలి ఆ లెక్కలోకి రాదు. జ్వరం వచ్చిందని చెప్తే రేపటి కూలి పోతుందనుకున్నవాడు చెప్పడు. బీహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చి షెడ్డు పక్క గదిలోనే పిల్లలతో ఉండే మనిషి అసలే చెప్పడు. అందుకే ముందే చెప్పేయండి, "జ్వరమొస్తే ఇంట్లో ఉండు, కూలి నేనిస్తా" అని. మాస్కులు, గ్లౌజులు కొనిపెట్టిన డబ్బుకు ఫలితం దక్కేది ఈ ఒక్క మాటతోనే.

ఈ వీడియో మీ ఫారంలో పనిచేసేవాళ్లకు చూపించండి. తెలుగు రానివాళ్లకు మీరే కూర్చొని చెప్పండి.