గాలాల వేటకు పడవ అమరం సర్దుకోవడం



ఈనాడు మీతో ముచ్చటించదలచినది పడవ వెనుక భాగం గురించి. పాత పడవలవాళ్ళు ముందు భాగాన్ని అణియమనీ, వెనుక భాగాన్ని అమరమనీ అనేవారు. లోతు నీటికి పోయి, పడవ నడుస్తూ వుండగా వెనుక గాలాలు లాగించి సూరనూ కోనాన్నీ పట్టేవారికి ఈ అమరమే పని చేసే చోటు. ఈ వేటను ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. ట్రాలింగ్ అనేది వేరు. అది సంచి వంటి పెద్ద వలను ఈడ్చే వేట. రెండు పేర్లూ చెవికి ఒకటిగానే తగులుతాయి. మత్స్య సహాయకులు కాగితాలు రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూచుకోవాలి. ఒకదాని బదులు మరొకటి రాస్తే గాలాలవాడికి వలల సామాను వచ్చి కూర్చుంటుంది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. పడవ గట్టున వుండే ఆ రెండు నెలలే ఈ పనికి తగిన కాలం. వలలు బాగుచేసుకోవడం, ఇంజను విప్పి చూచుకోవడం అందరూ చేసేదే. అమరం వంక చూచేవారు మాత్రం తక్కువ. అక్కడ ఏముందిలే, నాలుగు దారాలు కట్టుకుంటాం, అంతే కదా అంటారు.

అంతే కాదు. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకు వెళ్ళిన ఒక జాలరిని పెద్ద కొమ్ము కోనాం సముద్రంలోకి లాగేసింది. మనిషి గల్లంతయ్యాడు. వారిది ఎటువంటి పడవ, ఎలా సర్దుకున్నారు అని నేను తప్పులెన్నబోవడం లేదు. కాని కొమ్ము కోనాం, పెద్ద సూర తిరిగే నీటిలోకి మనం పోతున్నప్పుడు, ఆ చేప బరువు పడవ మీద పడాలా, మనిషి మీద పడాలా అన్నది గట్టున వుండగానే తేల్చుకోవలసిన సంగతి. అమరం సర్దడమంటే నా దృష్టిలో ఇదే. చేపకూ పడవకూ నడుమ దారం వుండాలి, మనిషి వుండకూడదు.

మొదట అమరాన్ని ఖాళీ చేయండి. నేను ఒకసారి ఎనిమిది మీటర్ల ఫైబర్ తెప్పలో వెంట వెళ్ళాను. అమరంలో నూనె డబ్బా, అన్నం గిన్నె, లంగరు తాడు, పాత వల ముక్క, ఒక జత చెప్పులు. చేప తగిలింది. దారం బయటికి పరుగెత్తుతూ పోయి, నూనె డబ్బా పిడికి ఒక మెలిక వేసింది. డబ్బా ఎగిరి నీళ్ళలో పడింది. అది డబ్బా కాక నా కాలైతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఆ రోజు నేను కూర్చున్నది సరిగ్గా ఆ డబ్బా పక్కనే. గట్టుకు వచ్చాక సరంగు నవ్వేశాడు గాని, మరుసటి రోజునుంచి ఆ పడవలో నూనె డబ్బా నడిమికి మారింది.

కనుక లంగరు తాడు అణియంలోకి పోవాలి. నూనె, నీళ్ళు, తిండి నడిమికి పోవాలి. మంచు పెట్టె కూడా నడిమిలోనే, పడవ అడుగుకు దగ్గరగా వుండాలి. కొందరు వీలుగా వుంటుందని మంచు పెట్టెను వెనుక పెడతారు. ఇంజను బరువు, మనుషుల బరువు, మంచు బరువు అంతా ఒక్క చోటే చేరితే అమరం కుంగి, వెనుక నుంచి వచ్చే కెరటం లోపలికి ఎక్కుతుంది.

ఇక గుంజ. గాలపు దారం చివర కట్టేది దీనికే. దీనిని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. ఫైబర్ పడవకు పైనుంచి మర మేకులు బిగించి, గట్టిగా పట్టుకున్నది కదా అని వదిలేస్తారు. ఫైబరు కర్ర వంటిది కాదు. మర మేకును ఎక్కువ కాలం పట్టి వుంచదు. నాలుగు ఊపులకు చిల్లు పెద్దదై, అయిదో ఊపుకు గుంజతో సహా వూడి వస్తుంది. చేయవలసినదేమంటే, చిల్లు ఆరపార వేసి, లోపలి వైపున ఒక మందపాటి పలక ముక్క పెట్టి, బోల్టు దూర్చి, వాషరు వేసి నట్టు బిగించాలి. లాగుడు బరువు అప్పుడు ఒక్క చిల్లు మీద కాక పలక వెడల్పు అంతటి మీదా పడుతుంది. మామూలు ఇనుప బోల్టు వాడకండి. ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉబ్బి, చుట్టూ ఫైబరును పగలగొడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది. లేదంటే జింకు పూత వేసినదైనా సరే. చిల్లు అంచులకు రెజిన్ పూయడం మరచిపోవద్దు. పూయకపోతే నీరు పొరల నడుమకు చేరి, పైకి బాగానే కనిపిస్తూ లోలోపల మెత్తబడుతుంది. నీటి మట్టానికి దగ్గరలో మాత్రం ఏ కారణం చేతనూ చిల్లు వేయకండి.

గుంజకూ దారానికీ నడుమ ఒక రబ్బరు ముక్క కావాలి. చేప తగిలినప్పుడు పడవ ముందుకు పోతూ వుంటుంది, చేప వెనక్కు తిరుగుతుంది. ఆ ఒక్క ఊపుకే దారం తెగడమో, చేప మూతి చీలి గాలం వూడడమో జరుగుతుంది. లారీ ట్యూబు నుంచి రెండు వేళ్ళ వెడల్పున పట్టీ కోసి, గుంజకు కట్టి, దాని రెండో కొసకు దారం ముడివేస్తే మొదటి ఊపును అది మింగుతుంది. రబ్బరు తెగినా దారం పోకుండా, రబ్బరు పొడవుకు రెండింతల తాడు ముక్క ఒకటి పక్కనే వదులుగా కట్టి వుంచాలి. ఎండకు రబ్బరు పగుళ్ళిస్తుంది కాబట్టి నెల నెలా చూచి మార్చండి. ఖర్చు ఏమంత కాదు.

దారాలు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడం ఈ వేటలో పెద్ద బెడద. దానికి వెదురు గడలే మందు. నాలుగయిదు మీటర్ల గడలు రెండు తీసుకుని, పడవకు చెరొక పక్కన ఇనుప గొట్టంలో దూర్చి, పైకీ బయటికీ వాలి వుండేలా నిలబెట్టండి. దారం మొదలు మాత్రం గుంజకే వుండాలి. గడ కొసకు దారాన్ని సన్నని పురికొసతో తాత్కాలికంగా కట్టాలి. చేప తగలగానే పురికొస పుటుక్కున తెగి, దారం అమరం మీదికి వస్తుంది, బరువు గుంజ మీద పడుతుంది. ఇక్కడ బలమైన తాడు కడితే గడ విరిగి ఎవరి నెత్తినో పడుతుంది. పురికొస బలహీనంగా వుండడమే దాని గుణం!

అయిదు దారాలు వేసేవారు మూలల్లోని రెండింటిని పది, పదిహేను మీటర్లు, గడల మీది రెండింటిని పాతిక, ముప్పై మీటర్లు, నడిమి దానిని నలభై అయిదు, యాభై మీటర్లు వదలవచ్చు. పొడవులు వేరుగా వుంటే గాలాలు పక్కపక్కకు రావు. సరంగు మలుపు తిప్పేటప్పుడు వెడల్పుగా, నెమ్మదిగా తిప్పాలి. వేగం అయిదారు నాట్లు, అనగా గంటకు తొమ్మిది నుంచి పదకొండు కిలోమీటర్లు వుంటే మన వేటకు చాలును. కోనానికి ఇంకా కాస్త తగ్గించినా ఫరవాలేదు. కోనాం పళ్ళు నైలాన్ దారాన్ని కత్తెరలా కోస్తాయి కనుక గాలం ముందు మూర పొడవు తీగ వేసుకోండి. సూరకు తీగ వద్దు, దాని చూపు చురుకైనది.

దారం చేతితో లాగేవారు సన్న దారానికి ఆశపడకూడదు. సన్నది చేతిని కోస్తుంది. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దారం పట్టుకు నిలుస్తుంది. చేతికి గుడ్డ తొడుగు వుండాలి. దారాన్ని అరచేతికి ఒక్క చుట్టు కూడా చుట్టవద్దు. పట్టు జారుతున్నదని చుట్టేవారిని నేను చాలామందిని చూచాను. పట్టు జారినా ఫరవాలేదు, గుంజ వున్నది కదా. సమోవా దీవుల్లో 1970లలో చెక్క రాట్నం ఒకటి తయారుచేసి పడవ అంచున బిగించుకున్నారు. దారం దాని మీదికే చుట్టుకుంటుంది, చేతికి శ్రమ తగ్గుతుంది. మన వడ్రంగులు చేయలేనిది కాదు. రాట్నం లేనివారు లాగిన దారాన్ని కాళ్ళ దగ్గర కుప్ప పోయకుండా, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పడేలా లాగాలి. తొట్టి పడవకు కట్టి వుండాలి. లాగేవాడు తొట్టికి పక్కన నిలబడాలి గాని, తొట్టికీ పడవ అంచుకూ నడుమ ఎన్నడూ నిలబడకూడదు.

మరి చేప మన శక్తికి మించినదైతే? దీనికి రెండు ఏర్పాట్లు వుండాలి. ఒకటి, ప్రతి దారం చివర గుంజ దగ్గర ఒక పెద్ద బెండు కట్టి వుంచడం. లాగలేమనుకున్నప్పుడు ముడి విప్పి, బెండుతో సహా దారాన్ని నీళ్ళలోకి వదిలేయవచ్చు. చేప బెండును ఈడ్చి ఈడ్చి అలసిపోతుంది. తరువాత బెండును చూచుకుంటూ వెళ్ళి పట్టుకోవచ్చు. కాబట్టి గుంజ ముడి ఒక్క లాగుకు విడిపోయేలా వుండాలి. రెండోది కత్తి. అమరానికి రెండు పక్కలా చెరొక కత్తి, ఒరలో, చెయ్యి చాచితే అందేలా వుండాలి. ఒక్క కత్తి చాలదా అని అడుగుతారు. ఆ కత్తి వున్న పక్క కాక రెండో పక్క దారం చిక్కుకుంటే అప్పుడేం చేస్తారు? ఈ కత్తులతో చేప కోయడం, ఉల్లిపాయ తరగడం చేయనివ్వవద్దు. వంటకు పోయిన కత్తి తిరిగి రాదు.

ఫైబర్ తెప్పల అంచు చాలా వాటికి మోకాలు దాటదు. మోకాలి దగ్గర తగిలిన అంచు మనిషిని ఆపదు సరికదా, తిరగేసి పడేస్తుంది. అందుచేత తొడ నడిమి ఎత్తు వచ్చేలా ఇనుప గొట్టపు కమ్మీ అమర్చుకోండి. ఒడ్డుకు లాగేటప్పుడు, వల వేటకు పోయేటప్పుడు తీసివేసే వీలుంటే మరీ మంచిది. మూలలు గుండ్రంగా వుండాలి. పైకి పొడుచుకు వచ్చిన మేకు తల ఒక్కటి వున్నా దారం దానినే వెతుక్కుంటూ వస్తుంది. కాళ్ళ కింది బల్ల చేప జిగురుతో జారుతుంది. కాస్త రెజిన్ పూసి, అది ఆరకముందే మంచినీటితో కడిగి ఎండబెట్టిన ఇసుక చల్లితే కాళ్ళకు పట్టు దొరుకుతుంది.

చేపను పైకి తెచ్చే చోటు కూడా ముందే నిర్ణయించుకోవాలి. సరిగ్గా వెనుక నుంచి తేవద్దు, అక్కడ ఇంజను పంకా వుంది. పొడుగు తోక ఇంజనైతే ఆ గొట్టం ఏ పక్కన వుంటే దానికి ఎదురు పక్కన తేవాలి. ఆ పక్కనే కొక్కెపు కర్ర, దుడ్డుకర్ర రెండూ తగిలించి వుంచండి. కొక్కెం మొనకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి వుంచాలి. కొమ్ము కోనామైతే తొందరపడి పైకి వేసుకోవద్దు. నీళ్ళలో వుండగానే దుడ్డుకర్రతో తల మీద కొట్టి, కదలిక పోయాకనే తేవాలి. 2022లో పరవాడ వైపు సముద్రంలో ఈ చేప ముక్కు పొడిచి ఒక మత్స్యకారుడు ప్రాణం కోల్పోయాడు. దాని ముక్కు ఎటు వుంటే అటు ఎవరూ వుండకూడదు.

పైకి వచ్చిన సూరను ఎండలో వుంచితే దాని ధర కళ్ళ ముందే పడిపోతుంది. వెంటనే నెత్తురు తీసి, పేగులు తీసి, కడిగి, చేప బరువుకు సమంగా మంచు వేయండి. ఆలస్యమైన సూర తింటే దద్దురు, వాంతులు కలిగించే విషం పుడుతుంది. అది వండినా పోదు.

ఇదంతా అమర్చాక సముద్రానికి పోకముందు ఇసుక మీదనే ఒక పరీక్ష చేయండి. పడవ గట్టున వుండగా ఇద్దరు కుర్రాళ్ళకు దారం కొస ఇచ్చి, వెనక్కు పరుగెత్తమనండి. పురికొస తెగుతుందా, రబ్బరు సాగుతుందా, దారం ఎక్కడైనా తగులుకుంటున్నదా చూడండి. కళ్ళు మూసుకుని చెయ్యి చాచి కత్తి అందుకోండి. ఒకసారి మీ పడవలో వున్న నలుగురూ వంతులవారీగా గుంజ ముడి విప్పి చూడండి, సరంగుతో సహా. చీకటిపడ్డాక కూడా ఒకసారి.