గుడ్డుతోపాటు మంచినీళ్లూ

1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆశయం గొప్పది: తిండి, టీకా, ఆరోగ్య పరీక్ష బిడ్డకు ఒకేచోట అందాలి. డబ్బు మాత్రం వేర్వేరు పద్దుల్లో వస్తుంది. అంగన్‌వాడీ గుడ్డు ఒక శాఖది, టీకా మరో శాఖది, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఇంకో శాఖవి. కొండమీది గూడెంలో పసివాడు గుడ్డు తిని కలుషితమైన నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, తిన్నది ఒంటికి పట్టదు. 2017లో గుడ్డు లాంటి అనుబంధ పోషకాహారానికి బిడ్డకు రోజుకు 8 రూపాయలు, తీవ్ర పోషకాహార లోపముంటే 12 రూపాయలు అని నిర్ణయించారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. ఆ రేటు పెరగాలి, నిజమే. కానీ గిరిజన గూడేల్లో అంగన్‌వాడీకి కుళాయి, మరుగుదొడ్డి నిధులు కూడా గుడ్డు డబ్బుతోపాటే, అదే ఏడాది విడుదల కావాలి.