పెళ్ళయ్యాక పిహెచ్.డి.



శరత్ నవలలు ఒకప్పుడు మన తెలుగిళ్ళలో ఎంతగా చదివారంటే, ఆయన తెలుగువాడేననుకున్న వాళ్ళూ ఉండేవారు. బెంగాలులో పుట్టిన దేవదాసు మనవాడెలా అయ్యాడు? ఇలాంటి ప్రశ్న పట్టుకుని నాలుగైదేళ్ళు కూర్చుంటే డాక్టరేటు ఇస్తారండీ! దాని పేరు తులనాత్మక సాహిత్యం. 1956లో బుద్ధదేవ బోసు జాదవపూర్ విశ్వవిద్యాలయంలో ఈ శాఖ స్థాపించారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ దీనికొక కేంద్రం ఉంది.

ఇందులో చేసేదేమిటో ఒక ఉదాహరణ చెబుతాను. నార్వే రచయిత ఇబ్సెన్ 1879లో 'ఎ డాల్స్ హౌస్' అనే నాటకం రాశాడు. భర్త ప్రాణం కాపాడడానికి నోరా దొంగసంతకం పెట్టి అప్పు తెస్తుంది. క్రిస్మస్ రోజుల్లో ఆ సంగతి బయటపడుతుంది. భర్త మండిపడతాడు. చివరకు ఆమె భర్తనూ ముగ్గురు పిల్లలనూ వదిలి తలుపు మూసి వెళ్ళిపోతుంది. జర్మనీలో ఆ వేషం వేయవలసిన నటి, పిల్లలను వదిలిపోయే ముగింపు ఆడనంది! ఇబ్సెన్ మనసు చంపుకుని 1880లో ముగింపు మార్చి ఇచ్చాడు.

ఇక మన భండారు అచ్చమాంబగారు 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. అక్కడ దీపావళి. కష్టాల్లో ఉన్న భర్త దొంగసొమ్ము ఇంటికి తెస్తే, భార్య అది తిరిగి ఇచ్చేలా చేస్తుంది. రెండిళ్ళలోనూ పండుగే, డబ్బే, తప్పే. ఒకామె గడప దాటింది, ఒకామె గడప లోపలే నిలబడి భర్తను దిద్దింది. ఎందుకని? ఏది గొప్ప అని మార్కులు వేయడం కాదు సుమండీ. ఆ దేశంలో, ఆ కాలంలో ఆడదానికి తెరిచి ఉన్న తలుపులేవో వెతకడం. ఆ పని ఇల్లు నడిపిన మనకు కొత్తేమీ కాదు.

"ఈ వయసులో చదువేమిటి" అంటారు. పిహెచ్.డి.కి వయోపరిమితి లేదు. ఎం.ఏ.లో సాధారణంగా 55 శాతం మార్కులుండాలి. ప్రవేశ పరీక్షా, ఇంటర్వ్యూ ఉంటాయి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం గడువు మూడు నుంచి ఆరేళ్ళు. స్త్రీలకు మరో రెండేళ్ళు ఇవ్వవచ్చు, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల వరకు సెలవుంది.

కాని డబ్బు సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే నెలకు 37,000 రూపాయలు (2023లో పెంచారు). దానికి మాత్రం వయసు 30, స్త్రీలకు ఐదేళ్ళ సడలింపు. ఆ వయసు దాటితే ఆ ఆసరా ఉండదు. "ఫీజు కట్టండి, దూరవిద్యలో పిహెచ్.డి. చేయిస్తాం" అనే ప్రకటనలు నమ్మవద్దు. దూరవిద్యలో పిహెచ్.డి.ని యు.జి.సి. అనుమతించదు.

దరఖాస్తు చేసే ముందు మీ ప్రశ్నను నాలుగు పేజీల్లో, తెలుగులోనే సరే, రాసి చూసుకోండి. ఆ ప్రశ్న మీద పనిచేసిన ఆచార్యులు ఎక్కడున్నారో వెతికి, ఆ విశ్వవిద్యాలయానికే దరఖాస్తు పెట్టండి. ఇంటికి దగ్గరని చేరితే, మీ విషయం తెలిసిన గైడు దొరకకపోవచ్చు.